పిలుపు లేని గంబో

నా పేరైనా అడగకముందే ఆవిడ నన్ను "బేబీ" అంది. యాభై దాటి, మోకాళ్లకు ఫిజియోథెరపీ చేయించుకుంటున్న మనిషిని పట్టుకుని బేబీ. ఆవిడ అందరినీ అలాగే పిలుస్తుందని తర్వాత తెలిసింది. బస్సు డ్రైవరు, చర్చి పాస్టరు, చేపలు తెచ్చే మనిషి, అందరూ ఆవిడకు బేబీలే. ఊరందరినీ పిలిచే పిలుపుతో నన్నూ పిలిచిందంటే నాకంటూ ఇచ్చిన మర్యాద ఏమీ లేదన్నమాట. అది మనసులో పెట్టుకున్నాను.

టొరంటో దగ్గర గ్వెల్ఫ్‌లో మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో ఒక చర్చి హాలు ఉంది. దాని బేస్‌మెంట్‌లో పెద్ద వంటగదిని గంటల లెక్కన అద్దెకిస్తారు. శనివారం పొద్దుటి పూట నాది. యూనివర్సిటీలో చదివే మన పిల్లలకు అన్నం, పప్పు, ఒక వేపుడు, ఒక పులుసు డబ్బాల్లో సర్ది ఇస్తాను. నెలకు ఒక శనివారం మాత్రం నా పని సగంలో ఉండగానే ఆవిడ దిగేది. ఆ రోజు మధ్యాహ్నం పైన హాల్లో ఎవరొస్తే వాళ్లకు భోజనం. దాన్ని వండేది ఆవిడే. న్యూ ఆర్లీన్స్‌లో పుట్టిన క్రియోల్ మనిషి. డెబ్భై దాటాయి. ఇక్కడ ఫ్యాక్టరీలో పనిచేసే ఆయన్ని పెళ్లి చేసుకుని వచ్చి, ఆయన పోయాక కూడా ఉండిపోయింది. వండేది ఎప్పుడూ ఒకటే, గంబో అని వాళ్ల ఊరి చిక్కటి పులుసు. దాన్ని వండే నల్లటి ఇనప గుండిగ వాళ్ల అమ్మ వాడినదట.

ఆ గుండిగ గురించే నేను రాస్తున్నది. వెళ్లిపోతూ దాన్ని ఆవిడ నా చేతిలో పెడుతుందా, పెట్టదా అన్న ఒక్క ప్రశ్న ఒక చలికాలమంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

మొదటి రోజు నేను బెండకాయ వేపుడు చేస్తున్నాను. మనం ఎలా చేస్తామో అలాగే. కాయలు కడిగి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి కోసి, మూత పెట్టకుండా వేయిస్తున్నాను. వెనక నుంచి తొంగి చూసింది.

"బేబీ, దాన్ని ఎందుకలా చంపుతున్నావు?"

"జిగురు పోవద్దా?"

"జిగురు పోయాక ఇంక ఏం తింటావు? నీకు వద్దనుకుంటే ఆ జిగురు నాకివ్వు" అని పెద్దగా నవ్వింది.

గిన్నెలు కడుగుతున్న ఇద్దరు వాలంటీర్లు కూడా నవ్వారు. నా వంటని నా ఎదుటే చంపడం అన్న మనిషి ఆ తర్వాత తన సంచిలోంచి తీసింది ఏమిటి? బెండకాయలు, రొయ్యలు. పక్కన కుక్కర్‌లో అన్నం. ఆవిడ వంట అయ్యే వాసన చూస్తే నాకు మా కాకినాడ గుర్తొచ్చింది. అప్పుడే అనుమానం మొదలైంది.

"మన బెండకాయ రొయ్యల పులుసు ఎత్తుకెళ్లి పేరు మార్చింది" అన్నాను ఇంటికొచ్చి మావారితో.

"ఎప్పుడు ఎత్తుకెళ్లింది? నిన్ను ఇవాళేగా చూసింది."

"వాళ్ల అమ్మ దగ్గర నేర్చుకుందట."

"అయితే వాళ్లమ్మ ఎత్తుకెళ్లిందంటావు. కాకినాడ వచ్చా, లేకపోతే పోస్టులో తెప్పించుకుందా?"

ఆయన చాలాసేపు ఒక్కరే నవ్వుకున్నారు. ఆ రాత్రి నేను చారు పెట్టలేదు.

నాకు అనుమానం ఎక్కువని మావారూ, మా అమ్మాయీ అంటారు. అది ఊరికే వచ్చింది కాదు. ఒక ఉగాదికి ఇక్కడి మన వాళ్ల డిన్నర్‌కి నేను పులిహోర చేసి ఇచ్చాను. తెల్లారుజామున లేచి చేశాను. వెళ్లి చూస్తే దాన్ని టేబుల్ చివర, చేతులు తుడుచుకునే కాగితాల పక్కన పెట్టారు. స్టేజీ మీద థ్యాంక్స్ చెప్పేటప్పుడు మైకు పట్టుకున్నాయన స్పాన్సర్లందరి పేర్లూ చదివి, ఆఖర్న "ఇంకా హెల్ప్ చేసిన ఆంటీలందరికీ" అన్నాడు. ఆంటీలందరికీ. పులిహోర బాగుందని ఆయన రెండోసారి పెట్టించుకోవడం నేను చూశాను. ఆ పులిహోర ఎవరిదో ఆయనకు తెలుసు.

ఇక రెండో నెల జరిగింది చెప్పాలి. గంబోకి మొదట చేసేది నూనెలో మైదా వేయించడం. దాన్ని రూ అంటారు. సన్నని మంట మీద, చదునైన చెక్క తెడ్డుతో, ఆపకుండా, మాట్లాడకుండా కలుపుతూ ఉండాలి. ఆవిడ ఆ పని చేస్తున్నంతసేపు ఎవరు పలకరించినా తల తిప్పదు. మొదటి నెల నేను గుడ్ మార్నింగ్ అంటే పలకలేదు. దాన్ని కూడా నేను మరచిపోలేదు. తర్వాత ఎవరో చెప్పారు, రూ కలిపేటప్పుడు ఆవిడ సొంత కూతురితో కూడా మాట్లాడదని. చెప్పేవాళ్లు చెబుతారు.

ఆ రోజు రొయ్యలు తెచ్చిన మనిషి వెనక తలుపు దగ్గర గట్టిగా పిలిచాడు. ఆవిడ తెడ్డు గుండిగలోనే వదిలి, "కలుపుతూ ఉండు, బేబీ" అని నాతో అని వెళ్లింది. నేను చూశాను. పిండి శనగపిండి వేయించిన రంగు దాటింది. వేరుశనగ రంగు దాటింది. ముదురు రాగి రంగుకి వచ్చింది. పొగ వాసన. తిరగమోత మాడుతుంటే చేతులు కట్టుకుని నిలబడే ఇంట్లో నేను పెరగలేదు. చెయ్యి దానంతటదే వెళ్లింది. పక్కనున్న మగ్గుడు నీళ్లు పోశాను.

నూనె నా చేతి మీద, గోడ మీద చిమ్మింది. పిండి ఉండలు కట్టింది.

ఆవిడ వచ్చి చూసింది. నా చెయ్యి పట్టుకుని పంపు కింద పెట్టింది. ఆ తర్వాత గుండిగ ఎత్తి, మొత్తం చెత్త డబ్బాలో పారబోసి, తుడిచి, మళ్లీ నూనె పోసింది.

"మాడిపోతోంది" అన్నాను.

"ఇంకా అవలేదు."

"వాసన వచ్చింది."

"రావాలి."

అంతే. మళ్లీ మొదలుపెట్టి, ఆ రాగి రంగు దాటించి, ముదురు బెల్లం పాకంలా నల్లగా అయ్యేదాకా కలిపింది. అప్పుడు ఒక్కసారిగా ఉల్లిపాయలు, సెలరీ కాడలు, క్యాప్సికం వేసింది. చుర్రుమని చల్లారింది. ఇప్పటికీ నేను అనేది ఒకటే. అంత నల్లగా కావాలంటే ఆ సంగతి ముందే చెప్పి వెళ్లాలి. మన ఇళ్లలో ఎవరు నిలబడినా నీళ్లే పోసేవాళ్లు.

మరుసటి నెల ఆవిడ భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవడం లేదు. మైదా తూకం వేసి, నూనె పోసి, తెడ్డు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వు కలుపు."

"నేనా? పోయినసారి పారబోశారుగా."

"అందుకే. ఎక్కడ ఆపకూడదో నీకు తెలుసు."

ఇది పొగడ్తో దెప్పో నాకు ఇప్పటికీ తెలియదు. జీతం లేని పనిమనిషి దొరికిందనుకుంటోందని అనుకున్నాను. అయినా తెడ్డు పట్టుకున్నాను. ఆ కంపు ఎక్కడ పరిమళం అవుతుందో చూడాలనిపించింది. ఆవిడ నా వెనక స్టూలు మీద కూర్చుని, గిన్నె వైపు చూడకుండా, వాసనతోనే చెప్పింది. "ఇంకా. ఇంకా. భయపడకు. ఇంకా." నల్లని చుక్కలు కనిపిస్తే మాత్రం మాడినట్టట. చుక్కలు రాకుండా నలుపు రావాలి. వచ్చింది.

అప్పటి నుంచి ప్రతి నెలా రూ నాది. ఉల్లిపాయలు పడి చల్లారాక ఆవిడ నోరు తెరిచేది. ఒకసారి అడిగాను, అసలు క్రియోల్ అంటే ఏమిటని.

"అక్కడ పుట్టినది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి అక్కడ పుట్టినది. మనిషైనా, కూరైనా."

"ఏది ఎవరిది ఇందులో?"

చేతి వేళ్లు మడిచి చెప్పింది. పిండి నూనెలో వేయించడం ఫ్రెంచి వాళ్లది. బెండకాయ ఆఫ్రికా నుంచి బానిసలుగా వచ్చిన వాళ్లది, గంబో అన్న పేరు కూడా వాళ్ల భాషలో బెండకాయదేనట. క్యాప్సికం, మిరప స్పెయిన్ వాళ్లు తెచ్చారు. టమాటా నగరంలో ఉన్న తమ లాంటి వాళ్లు వేస్తారు, పల్లెల వైపు వాళ్లు వెయ్యరు, వేస్తే తిడతారు. ఆఖర్న పడేది ఆ నేలమీద ముందునుంచీ ఉన్న ఆదివాసులది.

"ఇన్నీ ఇంకొకళ్లవే అయితే మీది ఏమిటి?" అన్నాను. కావాలనే అన్నాను.

"వరస" అంది. "ఏది ముందు, ఏది వెనక. అది మాది. నీ మిరపకాయ నీదా?"

"మాదే."

"ఓడలో వచ్చింది, బేబీ. మీక్కూడా."

ఇంటికెళ్లి ఫోన్‌లో చూశాను. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.

ఇంకోసారి వాళ్ల అమ్మమ్మ గురించి చెప్పింది. ఒక పెద్దింట్లో జీవితమంతా వంట చేసిందట. ఆ ఇంటావిడ ఒక వంటల పుస్తకం వేయించుకుంది. అందులో వంటలన్నీ అమ్మమ్మవి. పుస్తకంలో ఆమె పేరు లేదు. ఒక చోట మాత్రం "మా వంటమనిషి దీన్ని బాగా చేస్తుంది" అని ఉందట.

"అమ్మమ్మకి చదువు రాదు. మా అమ్మ చదివి చెప్పింది. అమ్మమ్మ ఏమందో తెలుసా? దాంట్లో ఒక వంట తప్పు చెప్పానంది. కావాలనే."

ఆంటీలందరికీ అన్న మాట నాకు చెవిలో వినిపించింది. అప్పుడు మొదటిసారి ఆవిడ మీద కోపం కాస్త తగ్గింది. వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది. ఇంటావిడకే తప్పు చెప్పిన అమ్మమ్మ మనవరాలు నాకు మాత్రం అంతా సరిగ్గా చెబుతుందా?

ఆ అనుమానానికి ఆధారాలున్నాయి. ఇంట్లో నేను అదే కొలతలతో చేశాను. రంగు వచ్చింది, వాసన వచ్చింది, మావారు లొట్టలేసుకుంటూ తిన్నారు. మా అమ్మాయి టొరంటో నుంచి వచ్చినప్పుడు తిని, "ఇట్స్ రియల్లీ గుడ్, అమ్మా, వై ఆర్ యూ మ్యాడ్?" అంది. వై అంటే ఏం చెప్పను? పైన హాల్లోంచి కిందికి వచ్చే వాసనలో ఇంకేదో ఉంది. అడవిలో వాన పడినట్టు, మట్టి, కాస్త నిమ్మ. అది నా గిన్నెలో లేదు. మా పెద్దమ్మ ఆవకాయ కలిపేటప్పుడు అందర్నీ చుట్టూ కూర్చోబెట్టుకుని, మెంతిపిండి వేసే సమయానికి మాత్రం "ఎవరో తలుపు కొడుతున్నారు, చూసి రండే" అనేది. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఆవకాయ మళ్లీ అలా కుదరలేదు. దాచడం అంటే ఏమిటో నేను చిన్నప్పుడే చూశాను.

ఇంకోటి. మొదటి నెలల్లో గంబోలో పంది మాంసం సాసేజ్ ముక్కలుండేవి. ఒకరోజు ఒక ముక్క ఫోర్కుకి గుచ్చి "తింటావా?" అంది. తిననన్నాను. మరుసటి నెల నుంచి సాసేజ్ కనపడలేదు. నేను వెళ్లాక కలుపుతోందనుకున్నాను. ఇంకా, ఆవిడ హ్యాండ్‌బ్యాగులో పేరు రాయని ఒక గాజు సీసా ఉండేది. అందులో ఆకుపచ్చ పొడి. స్టవ్ కట్టేసి, గుండిగ పైకి పంపించాకే దాన్ని బయటికి తీసేది.

"అదేమిటి?"

"టేబుల్ మీదికి" అని బ్యాగు మూసింది.

టేబుల్ మీదికట. వంటింట్లో అడిగినదానికి టేబుల్ సంగతి చెప్పి తప్పించుకుంది. "నువ్వూ పైకెళ్లి చూడొచ్చుగా" అన్నారు మావారు.

"నన్నెవరు పిలిచారు?"

నిజంగానే ఎవరూ పిలవలేదు. ప్రతి నెలా నేను డబ్బాలు కట్టుకుని బయల్దేరుతుంటే ఆవిడ ఇటు తిరగకుండానే "ప్లేట్లు పైనున్నాయి" అనేది. ప్లేట్లు పైనుంటే నాకేమిటి? మన ఇళ్లలో భోజనానికి పిలవడమంటే ఇంటికొచ్చి, ఎదురుగా నిలబడి, మీరు తప్పకుండా రావాలి అని చెప్పడం. వెళ్లాక కూడా విస్తరి ముందు కూర్చోమని ఇంకోసారి చెప్పాలి. పిలవని పేరంటానికి నేను పుట్టాక ఒక్కసారి కూడా వెళ్లలేదు.

"బొట్టు పెట్టడానికి ఆవిడ కుంకుమ భరిణె పట్టుకు రావాలంటావా?" అన్నారు మావారు.

"భరిణె అక్కర్లేదు. ముఖం ఇటు తిప్పితే చాలు."

చలికాలం సగంలో కబురు తెలిసింది. రెజైనాలో గవర్నమెంట్ ఉద్యోగం చేస్తున్న కూతురు ఆవిణ్ని తీసుకెళ్లిపోతోంది. భుజం ఇక బాగవదన్నారట. మంచు కరిగాక ప్రయాణం. హాలు కమిటీ ఆవిడ వంటగదిలోకి వచ్చి నిలబడి, వచ్చే ఏప్రిల్ నుంచి ఆ శనివారం పిజ్జా తెప్పిద్దామనుకుంటున్నామని చెప్పింది. పిజ్జా అనగానే ముసలావిడ చేతిలోని కత్తి ఆగింది.

"చేయగలిగిన వాళ్లు దొరికితే ఈ గుండిగ వాళ్లకిస్తాను. దొరక్కపోయినా పిజ్జా వద్దు. తాళం వెయ్యండి" అంది.

నేను అక్కడే ఉన్నాను. చేతిలో తెడ్డుతో ఉన్నాను. ఆవిడ నా వైపు చూసి, చూపు తిప్పుకుంది. ఏడాదిగా రూ చేస్తున్న మనిషి ఎదురుగా ఉండగా "దొరికితే" అంది.

ఇంటికొచ్చి అన్నం తినలేదు. "నీకు ఆ గుండిగ ఎందుకు? మనింట్లో స్టవ్ మీద పట్టదు" అన్నారు మావారు. ఎందుకో ఆయనకు చెప్పాను. ఈ దేశానికొచ్చాక నేను ఎన్ని పెళ్లిళ్లకు, ఎన్ని పూజలకు వండానో ఆయనకూ తెలుసు. ఎవరూ ఎప్పుడూ ఇది ఇక నీది, నువ్వే చూసుకో అని ఒక గరిటె కూడా నా చేతికివ్వలేదు. ఆయన ఇంక నవ్వలేదు. "అయితే నోరు తెరిచి అడుగు" అన్నారు.

"అడిగి తీసుకుంటే అది ఇచ్చినట్టా?"

ఆవిడ ఆఖరి శనివారం నేను డబ్బాల పని పెట్టుకోలేదు. పిల్లలకు ముందే చెప్పేశాను. పొద్దున్నే వెళ్లి రొయ్యల తలలు, డొల్లలు ఉడికించి నీళ్లు తీశాను. రూ చేశాను. ఉల్లిపాయలు, సెలరీ, క్యాప్సికం, ఆ తర్వాత టమాటా, బిర్యానీ ఆకు, పీతలు. బెండకాయలు విడిగా వేయించి, కానీ చంపకుండా, వేశాను. రొయ్యలు ఆఖర్న. ఆవిడ స్టూలు మీద కూర్చుని ఒక్క మాట కూడా అనలేదు. ఇంకా, భయపడకు, ఏమీ లేదు. అయ్యాక చెంచాతో రుచి చూసి తల ఊపింది.

"బాగుంది."

"బాలేదు" అన్నాను.

"ఏమైంది?"

"మీరు ఏదో దాస్తున్నారు. మొదటి నుంచీ దాస్తున్నారు. ఆ సాసేజ్ సంగతి నాకు తెలుసు. ఆ సీసా సంగతీ తెలుసు. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఇవ్వనని చెప్పండి. మీ అమ్మమ్మ ఇంటావిడకి చెప్పినట్టు నాకు తప్పు చెప్పడం ఎందుకు?"

నా ఇంగ్లీషు కోపంలో అంత సరిగా రాదు. అయినా అర్థమైంది. ఆవిడ ముఖం ఎర్రబడింది. ఆవిడకు అంత కోపం వస్తుందని నేను అనుకోలేదు.

"దాస్తున్నానా? నేనా?" అంటూ లేచింది. "రా."

నా మోచెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. హాల్లో అప్పటికే జనం కూర్చుని ఉన్నారు. ఒక్కో టేబుల్ మధ్యలో ఒక్కో చిన్న గిన్నె, ఒక్కో గిన్నెలో అదే ఆకుపచ్చ పొడి. ఒక ముసలాయన గంబో గిన్నె ముందుకు లాక్కుని, ఆ పొడి చిటికెడు చల్లుకుని కలుపుకున్నాడు. అడవిలో వాన వాసన లేచింది.

"ఫీలే. సాసఫ్రాస్ చెట్టు ఆకు. ఆదివాసులది, చెప్పాను కదా" అంది ఆవిడ. "స్టవ్ మీద వేస్తే తీగలు సాగుతుంది. దించాకే వెయ్యాలి. ఎవరి గిన్నెలో వాళ్లు వేసుకోవాలి. బెండకాయ వేసినదాంట్లో ఇది వద్దనేవాళ్లున్నారు. మా అమ్మ వేసేది. టేబుల్ మీదికి అని నీకు చెప్పానా లేదా? ప్రతి నెలా ఇక్కడే, అందరి ఎదురుగానే ఉంది. ఇక్కడ కూర్చున్న పసిపిల్లలకు కూడా తెలుసు."

ఆవిడ ఇంకా ఆగలేదు.

"దాచింది నేను కాదు. ఏడాది నుంచి నా గుండిగలో తెడ్డు పెట్టావు. ఒక్క ముద్ద తినలేదు. పందిమాంసం తినవన్నావని సాసేజ్ మానేశాను. ఇంత మందికి మానేశాను, సణుగుతూనే ఉన్నారు. అయినా నువ్వు డబ్బాలు పట్టుకుని వెళ్లిపోయావు. నా వంట మీద నీకు అనుమానం. నా చెయ్యి మీద అనుమానం. తన పొట్టలోకి పోనిదాన్ని పదిమందికి పెట్టే మనిషికి మా అమ్మ గుండిగ ఎలా ఇస్తాను?"

హాల్లో చెంచాల చప్పుడు ఆగింది.

"మీరు పిలవలేదు" అన్నాను.

"ఏమిటి?"

"ఒక్కసారి కూడా పిలవలేదు. ప్లేట్లు పైనున్నాయి అన్నారు. అటు తిరిగి అన్నారు."

"తలుపు తీసుంది కదా! గంబోకి ఎవరైనా పిలుస్తారా? గుండిగ పొయ్యి మీదుంటే ఇంట్లో వాళ్లు వచ్చి తింటారు. పిలిస్తే నువ్వు బయటిదానివని చెప్పినట్టు."

"మాకు పిలవకపోతే బయటిదాన్నని చెప్పినట్టు."

ఆవిడ నన్ను చూసింది. నేను ఆవిణ్ని చూశాను. ఇద్దరం కూర్చోలేదు. ఆవిడ తప్పని నేను అనుకుంటున్నాను, నా తప్పని ఆవిడ అనుకుంటోంది, ఎవరమూ తగ్గేలా లేము. ఆ ముసలాయన మాత్రం తింటూనే ఉన్నాడు.

చివరికి ఆవిడ ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంది. బాగున్న చేత్తో ఒక కుర్చీ లాగింది. నా ఎదురుగా వచ్చి, నా ముఖంలోకి చూస్తూ నిలబడింది.

"మేడమ్" అంది. బేబీ అనలేదు. "భోజనానికి రండి. దయచేసి కూర్చోండి."

కూర్చున్నాను. ఆవిడే గిన్నెలో అన్నం పెట్టి, గంబో పోసి, నా పక్కన కూర్చుంది. పొడి గిన్నె నా వైపు జరిపింది, తను వెయ్యలేదు. చిటికెడు నేనే వేసుకున్నాను. గంబో కాస్త చిక్కబడింది. నేను ఇంట్లో చేసిన గిన్నెలో లేనిది అదే. పీత డొల్ల పీల్చేటప్పుడు నాకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి. మిరప ఎక్కువైందని చెప్పాను.

"ఇంకొంచెం?" అంది.

రెండోసారి అడిగాకే పెట్టించుకున్నాను.

ఆ సాయంత్రం గుండిగ మా కారు వెనక సీట్లో ఇంటికొచ్చింది. మావారు సీటు బెల్టు పెట్టారు. మా స్టవ్ మీద నిజంగానే పట్టదు, అందుకని మళ్లీ హాలు వంటగదికే చేరింది. నెలకో శనివారం నేను వండుతున్నాను. కమిటీ వాళ్లు నోటీసు బోర్డు మీద వంట ఎవరిదో రాస్తామన్నారు. రెండు పేర్లూ రాయాలని పట్టుబట్టాను. ఆవిడ పేరు పైన, నా పేరు కింద. ఒక నెల నా పేరులో ఒక అక్షరం తప్పు రాశారు. దిద్దించేదాకా స్టవ్ వెలిగించలేదు.

రూ కలిపేటప్పుడు నేనూ ఎవరితోనూ మాట్లాడను. రంగు ఆవిడ చెప్పినదే, వరస ఆవిడదే, సాసేజ్ విడిగా ఒక గిన్నెలో పెడుతున్నాను, కావలసినవాళ్లు వేసుకుంటారు. ఒకటి మాత్రం మార్చాను. వంట దించాక ఏప్రన్ తీసి, పైకి వెళ్లి, హాలు తలుపు దగ్గర నిలబడతాను. వచ్చిన ప్రతి మనిషి ముఖంలోకి చూసి భోజనానికి రండి అంటాను. మొదట్లో కొందరు బెదిరి వెనక్కి చూశారు. ఇప్పుడు అలవాటైంది. నేను తలుపు దగ్గర లేకపోతే మెట్ల దగ్గరే ఆగిపోయే ముసలమ్మ ఒకావిడ ఉంది.

రెజైనా నుంచి ఆవిడ ఫోన్ చేస్తుంది. ఎవరో చెప్పేశారు.

"తలుపు దగ్గర నిలబడి అందర్నీ పిలుస్తున్నావట. ఏమిటది? గంబోకి అలా చెయ్యరు."

"ఇక్కడ చేస్తారు."

"మా అమ్మ వింటే..."

"మీ అమ్మగారిని కూడా పిలిచేదాన్ని."

తర్వాత రూ ఏ రంగుకి దించుతున్నానో అడిగింది, చెప్పాను, ఇంకొంచెం అంది. ఎప్పుడూ ఇంకొంచెం అనే అంటుంది.

వెళ్లేటప్పుడు ఆ సీసా నాకిచ్చింది. సగమే ఉంది. న్యూ ఆర్లీన్స్‌లో తన చెల్లెలి పెరట్లో చెట్టు ఉందనీ, ఆకు ఎండబెట్టి పంపిస్తుందనీ, రాగానే నాకు పంపుతాననీ అంది. నెలలు గడిచాయి. పోయిన వారం అడిగితే, ఇంకా రాలేదంది. కానీ వెనక నుంచి వాళ్ల మనవడు "గ్రాండ్‌మా, ఫీలే ఎక్కడ పెట్టావు?" అని అడగడం నాకు స్పష్టంగా వినిపించింది.